విరిగిన చైన్ కవరు

వెనక అన్ని చప్పుళ్ళూ ఉన్నాయి, ఆ ఒక్కటీ తప్ప. సెక్టర్ సిక్స్ గ్రౌండు దగ్గర జెండా ఊపిన దగ్గర్నుంచీ మణిమాల కాళ్ళు ముందుకీ, చెవులు వెనక్కీ పోతున్నాయి. కాన్వాసు బూట్ల దబదబలు, ఎవరిదో ఆయాసం, ఎవరి జేబులోనో తాళంచేతుల గలగల. పక్కనొకాయన నాలుగడుగులకోసారి జై బజరంగ్ బలీ అంటున్నాడు, ఆయన ఊపిరి ఆ జైకే సరిపోయేటట్టుంది. జనవరి చలి ఇంకా విడలేదు. ఉక్కు ప్లాంటు వైపు ఆకాశం మీద స్లాగు, ఆ కరిగిన చిట్టెం, పారబోసిన ఎరుపు సగం వెలిసిపోయి ఉంది. ఇరవయ్యొక్క కిలోమీటర్లు. హాఫ్ మారథాన్ అని బేనరు కట్టారు గాని సెక్టర్లో అందరూ దౌడ్ అనే అంటున్నారు, దౌడ్‌కి వెళ్తున్నావా దీదీ, ఇస్ ఉమర్ మే? వయసుకేం వచ్చింది, ముప్పై ఎనిమిదే కదా! ఆడవాళ్ళు పట్టుమని పదిమంది లేరు, అందులో సల్వారు మీద కూతురి ఎన్‌సీసీ టీషర్టు తొడుక్కుని, చున్నీ నడుముకి బిగించినది తనొక్కతే. నెమ్మది మణీ, నెమ్మది. తాయారమ్మ టీచరు మరీ మరీ చెప్పింది. ఆవిడ బళ్ళో పీటీ చెప్పి రిటైరైన మనిషి, ఈల లేకుండా కూడా ఈల వేసినట్టే మాట్లాడుతుంది. ఇవాళ నువ్వు పందేనికి రాలేదే పిల్లా, నిన్న మరోడా చెరువు దాకా పరిగెట్టొచ్చిన కాళ్ళతో మళ్ళీ పరిగెడితే ఎలా ఉంటుందో చూసుకోడానికొచ్చావు, రేషను షాపుకెళ్ళినట్టు వెళ్ళి రా, దాటిపోయేవాళ్ళని పోనీ. అసలు పరుగు వచ్చే నెల కదా. మైకల్ కొండల్లో, సాల్ చెట్ల మధ్య, తారు మొహం ఎరగని కాలిబాట మీద డెబ్భై కిలోమీటర్లు. ఆ మాట తల్చుకుంటే చాలు మణిమాల అడుగు దానంతటదే సాగుతుంది. కాని ఆమె పేరు ఇంకా పంపలేదు. మొగుడు సత్యారావు ఊఁ అనాలి. అనడం లేదు. ఎందుకు అనడం లేదో కూడా అనడం లేదు.

చున్నీ కొసన ముడి తగుల్తోంది నడుముకి. కారప్పొడి. వీధిలో ఇంతమంది ఉండగా, పట్టపగలు, చున్నీలో కారం కట్టుకుని పరిగెట్టే ఆడది ఈ భిలాయి మొత్తమ్మీద తనొక్కతే అయ్యుంటుంది. చోద్యం కాకపోతే ఏటి! కాని అలవాటైపోయింది. పోయిన వానాకాలం నుంచీ, చీకటుండగా క్వార్టరు తలుపు దగ్గరకి లాగి బయట పడిన ప్రతిసారీ ఆ ముడి నడుముకి ఉంటోంది. మొదటిసారి విన్నప్పుడు ఏ చెట్టు మీదనించో నీటిచుక్కలు రేకు మీద పడుతున్నాయనుకుంది. టక్. కాసేపటికి మళ్ళీ టక్. తను వేగం పెంచితే టక్కు టక్కూ దగ్గరగా పడ్డాయి, తను ఆగితే ఆగిపోయాయి. నీటిచుక్కలు మనిషిని చూసి ఆగవు కదా. వెనక్కి తిరిగి చూస్తే గుల్‌మొహర్ చెట్ల కింద సైకిలు, దాని మీద మనిషి, లైటు లేదు, మొహం చుట్టూ మఫ్లరు. దీపస్తంభం కిందకి ఎప్పుడూ రాడు. పెడలు తిరిగినప్పుడల్లా ఏదో ఇనప ముక్క తగిలి టక్ మంటుంది. ఆ రోజు తను ఎంత పరిగెట్టిందీ! బొబ్బిలి బళ్ళో వంద మీటర్లలో ఫస్టొచ్చినప్పుడు కూడా అంత పరిగెట్టలేదు. ఇంటికొచ్చి తలుపేసుకుని, బొగ్గుల కుంపటి ముందు కూచుని వణికింది. ఎవరికి చెప్పాలి? సత్యారావుకి చెప్తే ఏమంటాడో తెలుసు, మానీయ్, అంటాడు. ఒక్క మాట. మానీయ్. అంతే, ఆ పొద్దున్నపూట, ఎవరూ టీ అడగని, ఎవరూ తువ్వాలెక్కడ అని కేకెయ్యని ఆ ఒక్క గంట పోతుంది. అందుకే నోరు కుట్టేసుకుంది. భయం ఒక పక్క, పరుగు ఒక పక్క పెట్టి తూచుకుంటే పరుగే బరువనిపించింది మరి. ఇప్పటికీ అదే అనిపిస్తోంది, ఇదిగో ఈ మలుపులో కూడా, మోకాలి కింద నిన్నటి మరోడా సలుపుతున్నా.

పవర్ హౌస్ పేట వచ్చేసింది. బజారు అప్పుడే కళ్ళు నులుముకుంటోంది, స్టేషను ముందు ఆటోవాళ్ళు టీ గ్లాసులు పట్టుకుని పరిగెట్టేవాళ్ళని చూసి నవ్వుతున్నారు. ఆ జిలేబీ బండివాడు తననే చూస్తున్నాడేం? పాల కేన్లు కట్టిన సైకిలు, దాని పెడలు చూడు, టక్ మంటుందేమో విను. లేదు. పేపర్లవాడి సైకిలు, అదీ కాదు. ఎవరి సైకిలు కనిపించినా ముందు మొహం కాదు, చైను చూడ్డం అలవాటైంది తనకి, కంసాలి మెడలు చూసినట్టు. అందరూ అనుమానమే. సెక్టర్ గార్డూ అనుమానమే, గుళ్ళో ప్రసాదం పంచే ముసలాయనా అనుమానమే. ఆఖరికి ఇంట్లో మనిషి మీద కూడా. సత్యారావు ఈ మధ్య సత్యారావులా లేడు. కిలో వంకాయలు కొంటే మూడు ప్రశ్నలడిగే మనిషి, నువ్వు పొద్దున్నే ఎక్కడికెళ్తున్నావు, ఏ దారిని వెళ్తున్నావు అని ఒక్క ప్రశ్న అడగడు. పైగా ఒకరోజు అన్నం తింటూ, ఆ కుక్కలున్న సందులోంచి ఎల్లకే మణీ, అన్నాడు. కుక్కలున్న సంగతి తను ఎప్పుడు చెప్పింది? చెప్పలేదే. ఎవరు చెప్పారు బావా అంటే, ఎవుళో అనుకుంతంటే విన్నాను, అని మజ్జిగ పోసుకున్నాడు. ఎవరనుకుంటారు, కోకోవెన్ బేటరీ దగ్గర, ఆ బొగ్గు బట్టీల వరస ముందు, రాత్రి డ్యూటీలో నిలబడి సెక్టర్ సిక్స్ కుక్కల గురించి? ఇంకోటి, ఆ పేంటు. ఖాకీ పేంటు కుడికాలు అంచు మీద నల్లటి గ్రీజు మరక. సబ్బేసి రుద్దీ, ఇటికరాయితో రుద్దీ, కిరసనాయిలేసి రుద్దీ వేళ్ళు అరిగిపోయాయి. పోయిందనుకున్న కొన్నాళ్ళకే మళ్ళీ అక్కడే. ఏటి బావా ఇది అంటే, ప్లాంటన్నాక గ్రీజు అంటకుండా ఎలగుంతాది, అన్నాడు. అంటుతుంది, కాని కుడికాలి అంచుకే ఎందుకంటుతుంది? ఎవరింటికో వెళ్తున్నాడేమో, ఎవరి గుమ్మం దగ్గరో మోకాలేసి కూచుంటున్నాడేమో అని కూడా అనుకుంది తను, అనుకుని సిగ్గుపడింది, సిగ్గుపడి మళ్ళీ అనుకుంది.

అడవి పరుగు గురించి చెప్పిన రోజు మాత్రం, ఎల్లు, అని టక్కున అనేశాడు. ఎంత సంబరపడిందో. రెండు ముద్దలు ఎక్కువే వడ్డించింది. చెయ్యి కడుక్కుంటూ అడిగాడు, ఆ దారంట సైకిలు ఎల్తాదా? సైకిలేటి బావా, రాళ్ళూ వేర్లూ వాగులూ, మనిషే ఒంగొంగి నడవాలట, టీచరు చెప్పింది, అంది. అప్పుడు తువ్వాలుతో చెయ్యి తుడుచుకుంటూ తుడుచుకుంటూ అలా ఉండిపోయాడు. సరే సూద్దాంలే, అన్నాడు. అప్పట్నించీ చూద్దామే. ఏం చూస్తాడు? డెబ్భై కిలోమీటర్ల పరుగులో సైకిలుతో ఏం పని ఈయనకి? దాహం వేస్తోంది. బల్ల మీద గ్లాసులు పెట్టారు, గ్లూకోజు కలిపిన నీళ్ళు, ఒక పెద్దాయన ఇస్తున్నాడు, పీ లో బహెన్‌జీ. తీసుకుని ముందు వాసన చూసింది. ఛీ, ఏటిది, మంచినీళ్ళు కూడా వాసన చూసే బతుకైపోయింది! గుటకేసి పరిగెట్టింది. పెద్ద రోడ్డు మీద లారీల పొగ. ఇందాక నడుస్తున్నట్టు పరిగెట్టిన ఇద్దరమ్మాయిలు, కాలేజీ పిల్లలు, తనని దాటిపోయారు. పోనీ. దాటిపోయేవాళ్ళని పోనీ. దారి కోహ్కా వైపు తిరిగింది. ఇప్పుడొస్తుంది కోహ్కా, అక్కడ అప్పలసూరి ఇల్లుంది.

అప్పలసూరి. ఆ పేరు మనసులోకి రావద్దన్నా వస్తుంది. సత్యారావుకి రిలీవరు. కోకోవెన్లో షిఫ్టు సైరను, ఆ బోంపు, కూసినా ఒకడు డ్యూటీ దిగాలంటే రెండోవాడు వచ్చి ఆ చోట నిలబడాలి, రిలీవరు రాకుండా కదలకూడదు, కదిలితే బేటరీ దగ్గర ఎవరికేమవుతుందో ఎవరూ చెప్పలేరు. పెళ్ళైన కొత్తలో ఒక రాత్రి రిలీవరు రాలేదని సత్యారావు రెండో షిఫ్టు కూడా అక్కడే ఉండిపోయి, మర్నాడు మధ్యాహ్నం ఎర్రటి కళ్ళతో వస్తే తను ఏడ్చింది. ఏటే ఏడుత్తావు, మనిషి రాందే ఎలాగొచ్చీడం, అన్నాడు. ఇప్పుడు ఆరేళ్ళుగా సత్యారావు తర్వాత అప్పలసూరే. సత్యారావు నైటైతే అతను పొద్దుటి ఫస్టు, సత్యారావు ఫస్టైతే అతను మధ్యాహ్నం సెకండు. తనింట్లో ఎన్నిసార్లు తిన్నాడు! చింతకాయ పులుసు పోస్తే, నీ సెయ్యే సెయ్యి వదినా, అని గిన్నె నాకేవాడు. ఆ అప్పలసూరి మీద అనుమానం ఎందుకొచ్చిందంటే, ఆ చప్పుడుకి కూడా షిఫ్టు ఉంది. రోజూ రాదు. ఒక వారం వస్తుంది, తర్వాత రాదు, మళ్ళీ వస్తుంది. గోడ మీది కేలండరు ముందు నిలబడి వేలితో లెక్కపెట్టుకుంది. వచ్చిన వారాలన్నీ సత్యారావు నైటు డ్యూటీ వారాలే. అంటే వెనకాల వచ్చేవాడికి తెలుసు, మొగుడు ఇంట్లో లేడని, రాత్రంతా ప్లాంటులో ఉన్నాడని, వారం వారం ఎప్పుడు మారుతాడో కూడా తెలుసు. అంత తెలిసినవాడు ఆ సెక్షన్లో మనిషే అయ్యుండాలి. అంత పొద్దున్నే సైకిలేసుకుని ప్లాంటు వైపు వెళ్ళేవాడు ఎవరు? నైటు వాణ్ణి దింపడానికి వెళ్ళేవాడే. లెక్క కుదిరిపోయింది. ఎంత బాగా కుదిరిందంటే, ఆ పైన అప్పలసూరి వస్తే తను లోపలినుంచే మాట్లాడేది, పులుసు గిన్నె గుమ్మంలో పెట్టేసేది. బండి సందు మొదట్లోనే ఆపి నడిచొచ్చేవాడు గనక దాని చైను చూడ్డం మాత్రం ఎప్పుడూ కుదరలేదు. సత్యారావుకి చెప్పలేదు. చెప్తే అక్కడ కొట్టుకుంటారు, ఇక్కడ తన పరుగు పోతుంది.

టక్. కోహ్కా ఇళ్ళ మధ్య, చేతిపంపు దగ్గర బిందెల ఆడవాళ్ళని దాటగానే. టక్. తన చెవి తప్పా? కాదు. టక్.  పట్టపగలు! ఇంతమంది మధ్య! ఎంత ధైర్యం వీడికి, ఎంత ధైర్యం! వెనక్కి చూడకు మణీ. చూస్తే ఏమవుతుంది, చూడు. వద్దు. రేషను షాపూ లేదు, టీచరూ లేదు, కాళ్ళు వాటంతట అవే లేచిపోతున్నాయి, తను చెప్తే వినే కాళ్ళా అవి, ఎన్ని నెలలు ఆ చప్పుడే వాటికి చెప్పింది. టక్ అంటే ఇంత, టక్ టక్ అంటే ఇంకింత. టీచరు ఒకసారి చేతిగడియారం చూసుకుని, నీకింత స్పీడు ఎక్కడిదే, ఏం తింటున్నావు, అని ముక్కున వేలేసుకుంది. ఏం తింది, భయం తింది. జై బజరంగ్ బలీ ఆయన్ని దాటింది, ఆయన జై సగంలో ఆగిపోయింది. కాలేజీ పిల్లలిద్దర్నీ దాటింది. ఆంటీ, అరే ఆంటీ, అని నవ్వారు. టక్ టక్ టక్. చున్నీ కొసన ముడి విప్పేసింది, కారం గుప్పిట్లో పట్టింది, చెమటకి అది ముద్దయిపోయి అరచెయ్యి మంటెక్కుతోంది. ఇవాళ తేలిపోవాలి. ఇవాళ అందరూ చూస్తుండగా తేలిపోవాలి. అదిగో రైలు ఫాటక్. దాటేస్తే అవతల సెక్టర్లు, చెట్ల నీడ, మూడో నాలుగో కిలోమీటర్లు, ఇల్లు. అప్పుడే గంట కొట్టుకుంది, గేటు కర్ర కిందకి దిగడం మొదలెట్టింది.

"రుకో, రుకో! మాల్‌గాడీ ఆ రహీ హై!" వాలంటీరు చేతులు చాపి అడ్డంగా నిలబడ్డాడు. పరిగెట్టేవాళ్ళంతా వచ్చి కర్రకి ఆనుకుని వగరుస్తున్నారు, ఒకడు రైలుని తిడుతున్నాడు, ఇంకొకడు అక్కడే నిలబడి నిలబడి పరిగెడుతున్నాడు కాళ్ళు పట్టేస్తాయని. మణిమాల ఆగింది. వెనకాల టక్కు కూడా నెమ్మదించి, ఇంకా నెమ్మదించి, సరిగ్గా తన వీపు వెనకాల ఆగింది. ఇక తిరక్కపోతే బతకలేననిపించింది. గుప్పిట ఎత్తి తిరిగింది.

"వదినా! వదినా, నానే, సూరిని!"

అప్పలసూరే. సైకిలు మీంచి ఒక కాలు నేలకానించి, మొహమంతా నవ్వు, హేండిలుకి ప్లాస్టిక్ బుడ్డీలో గ్లూకోజు నీళ్ళు. ఆ నవ్వు చూసి చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. సైకిలుకి చైన్ కవరు సగం విరిగిపోయి ఉంది, మిగిలిన ముక్క పెడలుకి అడ్డంగా ఒంగి ఉంది. ఇదే. ఈ ముక్కే.

"నా వెనకాల ఎందుకొచ్చావు సూరీ?"

"అన్నియ్య పంపీసేడొదినా. తనకి ఫస్టు షిఫ్టంట, కదల్లేడంట, కోహ్కా కాణ్ణించి వదిన యెనకాల నువ్వుండు అన్నాడు. నీళ్ళు తాగు. ఓలమ్మో, ఏటొదినా అలాగ పరిగెడతన్నావు, సైకిలు తొక్కలేక సచ్చిపోనాను!"

"మరి పొద్దున్నపూట? చీకట్లో వచ్చేది?"

అప్పలసూరి మొహం చిట్లించాడు. రైలు దగ్గరకొచ్చేసింది, నేల అదురుతోంది. "పొద్దున్న నానెక్కడొదినా! పొద్దున్న అన్నియ్యే కదా!"

విన్నది. విన్నా, "ఏటీ?" అంది, ఇంకోలా వినిపిస్తుందేమోనని.

ఇంజను కూత వేసుకుంటూ ముందునించి పోతోంది, అప్పలసూరి రెండు చేతులూ నోటి చుట్టూ పెట్టుకుని గొంతు చించుకుని అరిచాడు. "అన్నియ్యే! నా బండి మీద! తన బండైతే సూసీగానే నువ్వు ఆనవాలు కట్టీస్తావని, నాది అడిగీవోడు! నైటు వారం నాను బేగి ఎల్లి రిలీవ్ సేసీసేవోణ్ణి! బోంపు కూసీలోగా తిరిగొచ్చి నా బండి నాకిచ్చీసి, తన బండెక్కీసేవోడు!" చుట్టుపక్కల వాళ్ళు తిరిగి చూశారు. అప్పుడు గాని అతనికి మణిమాల మొహం కనిపించలేదు. చేతులు దించేశాడు. "నీకు తెల్దా వదినా?" అన్నాడు, ఆ మాట రైల్లో కలిసిపోయింది, పెదాలు మాత్రం కనిపించాయి.

వేగన్లు. బొగ్గు వేగన్లు, ఒకటి వెనక ఒకటి, అయిపోతాయనుకుంటే ఇంకొకటి. మణిమాల వాటినే చూస్తోంది. కుడికాలి అంచు. సగం కవరు లేని చైను కుడి పక్కనే కదా ఉంటుంది. సత్యారావు సొంత సైకిలుకి చైను మొత్తం మూసే కవరు, ఆదివారం ఆదివారం గుడ్డతో తుడిచి అద్దంలా పెట్టుకుంటాడు, దానికి డైనమో లైటు, చప్పుడు చెయ్యదు. మరి గ్రీజెలా అంటుతుంది? ఏడు నెలలు ఆ మరక తన చేతుల్తో తనే ఉతికింది. తన వెనకాల చీకట్లో తిరిగిన మరక. రుద్ది, జాడించి, ఆరేసి, మడతపెట్టి, ఇస్త్రీ చేసి ఇచ్చింది, మళ్ళీ రా బావా నా వెనకాల అని. లెక్క మొత్తం సరిగ్గానే కట్టింది తను, నైటు వారాలే అని పట్టుకుంది, సెక్షన్లో మనిషే అని పట్టుకుంది, ఆ మనిషి మొగుడు అని మాత్రం పట్టుకోలేకపోయింది. మొగుడు ప్లాంటులో ఉన్నాడు కదా! బోంపు కూస్తే గాని రాడు కదా! రిలీవరు రాందే కదలడు కదా! భిలాయిలో ఏ ఆడదాన్నడిగినా ఇంతే చెప్తుంది. కుక్కల సందు. ఆ దారంట సైకిలు ఎల్తాదా. అన్నీ వచ్చి వరసగా నిలబడ్డాయి. తను భయపడి మఫ్లరు మనిషి నుంచి పారిపోయి ఇంటికొచ్చి కుంపటి ముందు వణుకుతుంటే, తర్వాత కాసేపటికి సైకిలు గంట కొట్టుకుంటూ వచ్చి, ఏటే అలాగున్నావు, జొరవా, అని నుదురు మీద చెయ్యి పెట్టి చూశాడు. ఆ చెయ్యి. ఓరి దేవుడా, ఆ చెయ్యి ఎంత చల్లగా ఉందో, బయట గాలిలో తిరిగొచ్చిన చెయ్యి అది! ఇవాళ కూడా, ఊరంతా రోడ్డు మీదుండగా, ఆయనకి డ్యూటీ ఉందని తన వెనకాల రిలీవర్ని పెట్టాడు. తనేం బేటరీ అనుకున్నాడా?

"మంచోడొదినా అన్నియ్య, నీ మీద అంత పేనం," అంటున్నాడు అప్పలసూరి, బుడ్డీ ముందుకి చాపి. ఆఖరి వేగన్ పోయింది. కర్ర లేస్తోంది.

"నువ్వింటికెళ్ళు సూరీ. నీ డ్యూటీ అయిపోయింది."

పట్టాలు దాటి పరిగెట్టింది. మొదట కోపం పరిగెట్టించింది. సిగ్గు లేకపోతే సరి, సొంత పెళ్ళాం వెనకాల లైటార్పుకుని! కుక్కలుంటాయని వచ్చాడని చెప్తాడు, ఒంటరిగా వెళ్తున్నావని వచ్చానని చెప్తాడు, చెప్పనీ. కాపలా వచ్చేవాడు లైటేసుకుని వస్తాడు. కాపలా వచ్చేవాడు, మణీ నేనే, అని ఒక్క కేకేస్తాడు. లైటార్పి వచ్చేవాడు ఏదో చూద్దామని వస్తాడు. ఎవరైనా ఎదురొస్తారేమో, ఏ చెట్టు కిందైనా ఎవడైనా నిలబడతాడేమో చూద్దామని. కళ్ళు మండుతున్నాయి, కారం చేత్తో తుడుచుకుంది బుద్ధిలేక, ఇంకా మండాయి, నీళ్ళు బొటబొటా కారుతున్నాయి. తనేం తక్కువ తిందా మరి? అప్పలసూరిని గుమ్మంలో నిలబెట్టింది. ఎవరింటికో వెళ్తున్నాడని మొగుణ్ణి అనుకుంది. ఒకే మంచం మీద పడుకుని ఇద్దరూ ఒకరినొకరు అనుమానిస్తూ, పొద్దున్నే లేచి టీ తాగుతూ, ఉప్పు సరిపోయిందా అని అడుక్కుంటూ! నవ్వొచ్చింది, ఏడుపుతో కలిసి వచ్చింది. సెక్టర్ చెట్లు మొదలయ్యాయి, అవే గుల్‌మొహర్లు, అదే దీపస్తంభం. వెనకాల చప్పుడు లేదు. చెవి దానంతటదే వెతికింది, ఉందా అని. లేదు. ఎంత సేపు విన్నా లేదు. మరి కాళ్ళెందుకు ఆగడం లేదు? తరిమేవాడు లేకపోయినా అలాగే లేస్తున్నాయి, అంతే బలంగా, ఇంకా కాస్త తేలిగ్గా. ఈ వేగం ఆయనిచ్చింది కాదన్నమాట. ఆయన భయం పెట్టాడు, అంతవరకే. పరుగు తనది. బొబ్బిలి నుంచీ తనదే.

గ్రౌండులో తాడు దాటి, వేగం దిగి, మోకాళ్ళ మీద చేతులేసుకుంది. ఎవరో మెళ్ళో రిబ్బను వేశారు. తాయారమ్మ టీచరు గొడుగు పొడుచుకుంటూ వచ్చింది, మొహం జేవురించి ఉంది. "నేనేం చెప్పాను, నువ్వేం చేశావు? వచ్చే నెలకి కాళ్ళు వద్దా నీకు? అంతిదిగా పరిగెట్టావు, నిన్నెవరు తరిమారే?"

"ఇవాళ ఎవరూ తరమలేదు టీచరు గారూ," అంది మణిమాల. టీచరు ఆమె కళ్ళు చూసి, గొడుగు చంకలో పెట్టుకుని మంచినీళ్ళు తేవడానికి వెళ్ళింది.

కానుగ చెట్టు కింద సత్యారావు. గంట గేట్‌పాసు తీసుకుని వచ్చినట్టున్నాడు, తలకి హెల్మెట్టు అలాగే ఉంది, మెడ మీద బొగ్గుమసి. పక్కన తన సైకిలు, డైనమో మెరుస్తోంది. నవ్వుతూ రెండడుగులు వేసి, ఆమెను చూసి ఆగిపోయాడు.

"కళ్ళేటే అలాగున్నాయి?"

"కారం. నా వెనకాల వచ్చేవాడి కోసం దాచాను. ఏడు నెలలు దాచాను బావా."

సత్యారావు హెల్మెట్టు తీసి చేత్తో పట్టుకున్నాడు. "సూరిగాడు సెప్పీసేడా," అన్నాడు.

"మొదటి రోజు ఎందుకొచ్చావు?"

 అబద్ధం ఒకటి ఆయన నోటి దాకా వచ్చి తిరిగి పోవడం ఆమెకి కనిపించింది. "ఇంత సీకట్నే లేసి ఎవుర్తయినా ఉత్తినే పరిగెడతాదా అనుకున్నాను," అన్నాడు. "రెండ్రోజులకే తెలిసిపోనాది, నువ్వు ఉత్తినే పరిగెడతన్నావని."

"మరి ఆ తర్వాత?"

"తర్వాత... కుక్కలవీ. సీకటి. ఒక్కదానివి."

"అయితే లైటెందుకెయ్యలేదు?"

సత్యారావు సైకిలు గంట మీద బొటనవేలు పెట్టి రాస్తూ నిలబడ్డాడు.  ఆమె ఆగింది, ఆయనకి చెప్పడానికి ఏదైనా దొరుకుతుందేమో, దొరికితే బావుణ్ణని కూడా అనుకుంది. మైకులో ఎవరి పేర్లో పిలుస్తున్నారు.

"అడవి పరుక్కి రేపు నా పేరు పంపిస్తున్నాను," అంది.

ఆయన తలెత్తాడు. వద్దనలేదు, మానీయ్ అనలేదు. ఆ మొహంలో ఉన్నది కోపం కాదు, చేతిలో పని లాగేసుకుంటే మనిషి మొహం ఎలా ఉంటుందో అలా ఉంది. "అక్కడ నీ యెనకాల ఎవుళ్ళుంతారే?"

"ఎవరూ ఉండరు."

ఆ మాట బయటికొచ్చాక ఆమెకే భయమేసింది. డెబ్భై కిలోమీటర్లు, సాల్ చెట్లు, వెనకాల ఎవరూ ఉండరు. అయినా ఈ భయం వేరు, ఇది సొంతది, ఎవరి సైకిలూ తెచ్చిపెట్టింది కాదు. ఉంచుకుందామనిపించింది.

"ఎల్లు బావా. గేట్‌పాసు టైమైపోతాది. నీకోసం అక్కడ ఎవరో నిలబడుంటారు." మంటెక్కిన చెయ్యి చున్నీకి తుడుచుకుంటూ అంది. "ఆ ఖాకీ పేంటు మాత్రం ఇక నువ్వే ఉతుక్కో."

సత్యారావు హెల్మెట్టు పెట్టుకుని సైకిలెక్కాడు. ఆ సైకిలుకి చప్పుడు లేదు. మణిమాల గ్రౌండు అంచున నిలబడి, ఆయన వీపు చెట్ల మధ్య చిన్నదవుతుంటే చూస్తూ ఉంది. మలుపు తిరిగేలోగా ఆయన రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు.